రాత్రి భోజనం వేళకు అందేలా సాదా బ్రెడ్‌ను ఇంట్లో కాల్చుకోవడం ఎలా?

ప్రశ్న: వెన్నెలవంట

అందరికీ నమస్కారం. సూపుతోనో, రసం ఎక్కువగా ఉన్న కూరతోనో కలిపి తినడానికి వీలుగా, పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్ తప్ప మరేమీ అక్కరలేని సాదా బ్రెడ్‌ను ఇంట్లోనే కాల్చుకోవడం అలవాటు చేసుకోవాలని అనుకుంటున్నాను. నాకు కావలసింది టీతో తినే తియ్యని బ్రెడ్ కాదు, పలుచని ముక్కలుగా కోసుకునే శాండ్‌విచ్ బ్రెడ్ కూడా కాదు. భోజనాల బల్ల మధ్యలో పెడితే నలుగురూ తుంచుకుని, అద్దుకుని తినగలిగినదై ఉండాలి. పైన కరకరలాడే పొర ఉండాలి, లోపల మెత్తగా ఉంటూనే రసంలో ముంచగానే విడిపోకుండా నిలవాలి.

నా ఇబ్బంది ప్రధానంగా సమయానికి సంబంధించినది. ఇంటికి చేరేసరికి సాయంత్రం 6 గంటలవుతుంది, భోజనానికి 8.30కి కూర్చుంటాము. ఈస్ట్ ఎక్కువగా వేసి రెండు గంటల్లో పని ముగించమని కొందరు చెబుతున్నారు, ముందు రోజే పిండి కలిపి ఉంచమని మరికొందరు చెబుతున్నారు. ఈ రెండింటిలో ఏది ఎందుకు మంచిదో కారణంతో సహా తెలుసుకోవాలని ఉంది. నా దగ్గర పిండి కలిపే యంత్రం లేదు. మామూలు విద్యుత్ ఓవెన్, మూత ఉన్న ఒక బరువైన ఇనుప పాత్ర, వంటగది త్రాసు ఉన్నాయి. పిండిని ఎంతసేపు మర్దించాలి, లోపల కాలిందని ఎలా నిర్ధారించుకోవాలి, ఓవెన్ నుంచి తీసిన ఎంతసేపటికి కోయవచ్చు అన్న విషయాలు కూడా అనుభవజ్ఞులు వివరిస్తే కృతజ్ఞుడిని.

సమాధానం: గోధుమకంకి

వెన్నెలవంట గారికి నమస్కారం. మీరు చెప్పిన వేళలను బట్టి చూస్తే, ముందు రోజు రాత్రి పిండి కలిపి ఫ్రిజ్‌లో నెమ్మదిగా పులియనిచ్చే పద్ధతే మీకు తగినదని నా అభిప్రాయం. ఇందుకు సౌకర్యం ఒక్కటే కారణం కాదు. పాలు, వెన్న, చక్కెర ఏవీ లేని బ్రెడ్‌లో రుచి దాదాపుగా పులియడం వల్లనే రావాలి, పులియడానికి కాలం కావాలి. పిండిలో సహజంగానే ఉండే అమైలేజ్ అనే ఎంజైములు పిండిపదార్థాన్ని మాల్టోజ్ వంటి చక్కెరలుగా విడగొడతాయి. ఈస్ట్ ఆ చక్కెరలను వాడుకుని కార్బన్ డయాక్సైడును, ఆల్కహాలును తయారు చేస్తుంది. ఇదంతా నిదానంగా జరిగినప్పుడు వాయువుతో పాటు సేంద్రియ ఆమ్లాలు, సువాసననిచ్చే ఇతర పదార్థాలు కూడా పిండిలో పోగవుతాయి. ఈస్ట్ ఎక్కువ వేసి తొందరపెడితే పిండి పొంగడానికి పొంగుతుంది గానీ, ఆ పదార్థాలు పోగయ్యే వ్యవధి దొరకదు. అందుకే అలాంటి బ్రెడ్ చప్పగా ఉండి, ఈస్ట్ వాసన ముందుగా తగులుతుంది.

కొలత విషయంలో త్రాసు ఉండటం మీకు పెద్ద మేలు. కప్పును నొక్కి నింపామా, వదులుగా నింపామా అన్నదాన్ని బట్టే పిండి 120 నుంచి 150 గ్రాముల వరకు మారిపోతుంది, ఆ తేడా ఒక్కటి చాలు పిండి రాయిలా గట్టిపడటానికో, చేతికి అంటుకుని లొంగకపోవడానికో. బ్రెడ్ చేసేవారు పిండి బరువును 100గా తీసుకుని మిగిలినవన్నీ దానికి శాతాలుగా చెప్పుకుంటారు. ఆ లెక్కన నీరు 70, ఉప్పు 2, ఇన్‌స్టంట్ ఈస్ట్ 0.4 పెట్టుకోండి. అంటే 500 గ్రాముల పిండికి 350 గ్రాముల నీరు, 10 గ్రాముల ఉప్పు, 2 గ్రాముల ఈస్ట్. మామూలు వంటగది త్రాసు 2 గ్రాములను సరిగా చూపించకపోవచ్చు కాబట్టి, చదునుగా కొలిచిన ఒక టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్ దాదాపు 3 గ్రాములని గుర్తుంచుకుని, మూడింట రెండు వంతుల టీస్పూను వేస్తే సరిపోతుంది.

పిండి ప్యాకెట్ మీద ప్రొటీన్ ఎంతని రాసి ఉందో తప్పకుండా చూడండి. 100 గ్రాములలో 11 నుంచి 13 గ్రాముల ప్రొటీన్ ఉన్న పిండి 70 శాతం నీటిని హాయిగా పట్టుకుంటుంది; 9 లేదా 10 గ్రాములే ఉంటే నీటిని 320 గ్రాముల దగ్గర ఆపడం మంచిది, లేకపోతే ముద్ద నిలవకుండా పక్కలకు పరుచుకుంటుంది.

నీటి వేడిమిని చాలామంది పట్టించుకోరు గానీ, నా దృష్టిలో ఈస్ట్ కొలత కన్నా అది ముఖ్యం. కలిపిన పిండి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే పులియడం మన అంచనాకు లోబడి జరుగుతుంది. చేత్తో కలిపేవారు 25ను మూడుతో హెచ్చించి, వచ్చిన 75లోంచి గది వేడిమిని, పిండి వేడిమిని తీసివేస్తే ఎంత వేడిమి ఉన్న నీరు కావాలో దాదాపుగా తెలుస్తుంది. గదీ పిండీ 30 డిగ్రీల దగ్గర ఉంటే 15 డిగ్రీల చల్లని నీరు కావాలి; రెండూ 20 దగ్గర ఉంటే 35 డిగ్రీల గోరువెచ్చని నీరు కావాలి. ఎప్పుడూ గోరువెచ్చని నీళ్లే పోయాలని గట్టిగా చెప్పే విధానాలు వేడిగా ఉండే వంటగదికి నప్పవు.

మర్దించడం గురించి అడిగారు. గోధుమలోని గ్లూటెనిన్, గ్లయడిన్ అనే ప్రొటీన్లు నీరు తగిలిన క్షణం నుంచే ఒకదానితో ఒకటి అల్లుకుని గ్లూటెన్ వలగా ఏర్పడటం మొదలుపెడతాయి. మర్దించడం ఆ పనిని వేగవంతం చేస్తుంది, కాలం అదే పనిని మన శ్రమ లేకుండా చేసిపెడుతుంది. ఫ్రెంచ్ బ్రెడ్ నిపుణుడు రేమో కాల్వెల్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన ఆటోలైజ్ పద్ధతికి ఆధారం ఇదే: పిండిని, నీటిని మాత్రమే కలిపి 20 నుంచి 60 నిమిషాలు వదిలేసి, ఆ తరువాత ఉప్పు, ఈస్ట్ కలిపితే మర్దించే సమయం బాగా తగ్గిపోతుంది. మీరు రాత్రి 8 గంటలకు పిండీ నీరూ కలిపి అరగంట మూతపెట్టి ఉంచండి. తరువాత ఈస్ట్, ఉప్పు చల్లి, తడిచేత్తో అవి పూర్తిగా కలిసేవరకు రెండు మూడు నిమిషాలు పిసకండి. ఆపైన అరగంటకొకసారి ముద్ద అంచును పట్టి పైకి సాగదీసి మధ్యకు మడవాలి. గిన్నెను తిప్పుతూ నాలుగు వైపులా అలా చేస్తే ఒక వరుస అవుతుంది. రెండు వరుసలు చాలు. చివర్లో పిండి నున్నగా, బిగువుగా మారడం మీ చేతికే తెలుస్తుంది. అప్పుడు గిన్నెకు నూనె రాసి, మూతపెట్టి, 4 డిగ్రీల దగ్గర ఉండే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మరుసటి సాయంత్రం వరకు దాని జోలికి వెళ్లనక్కరలేదు.

సాయంత్రం 6 గంటలకు పిండిని బయటికి తీసి రెండు సమాన భాగాలు చేయండి. ఒక్కొక్కటి దాదాపు 430 గ్రాములు ఉంటుంది. ఒకే పెద్ద బ్రెడ్‌కు బదులు రెండు చిన్నవి చేయమనడానికి కారణం మీ గడియారమే. పెద్దది కాలడానికి 45 నిమిషాలు, ఆరడానికి కనీసం గంట పడుతుంది కాబట్టి 8.30కి అందడం కష్టం. చిన్నవి 30 నిమిషాల్లో కాలి, 40 నిమిషాల్లో ఆరిపోతాయి. ముద్దలను గుండ్రంగా చుట్టి, పై భాగం బిగువుగా ఉండేలా బల్ల మీద మెల్లగా లాగి, పిండి చల్లిన గుడ్డ మీద ఉంచి కప్పండి. 7.10 ప్రాంతంలో పిండి అద్దిన వేలితో మెల్లగా నొక్కి చూడండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా సమయం కావాలి. నిదానంగా, సగమే పూడితే ఓవెన్‌లో పెట్టవచ్చు. అసలు పూడకపోతే ఆలస్యమైందని అర్థం.

సమాధానం: కుంపటి

గోధుమకంకి గారు చెప్పినదంతా శాస్త్రీయంగా సరైనదే. అయితే అప్పటికప్పుడు చేసే బ్రెడ్‌ను పూర్తిగా తక్కువచేయడం నాకు సమ్మతం కాదు. భోజనంతో తినే బ్రెడ్‌కు ఆ భోజనంలో ఏముందన్నదే మొదటి కొలత కావాలి. పలుచని సూపుకు గట్టి పొర ఉన్న బ్రెడ్ ఎంత బాగుంటుందో, మసాలా దట్టించిన చిక్కని కూరకు మెత్తని చిన్న బన్ను అంత బాగుంటుంది. అక్కడ కూర రుచే ముందుకు రావాలి, బ్రెడ్ దానికి ఒదిగి ఉండాలి, కాబట్టి దీర్ఘంగా పులిసిన రుచి లేకపోవడం లోపంగా అనిపించదు. ఇంట్లో పిల్లలో, పెద్ద వయసువారో ఉంటే నమలడానికి తేలికగా ఉండే బ్రెడ్‌కు ప్రాధాన్యం ఇవ్వడం కూడా న్యాయమే.

నేను చెప్పేది సెలవు రోజు మధ్యాహ్నానికి గానీ, మూడు గంటల వ్యవధి ఉన్న సాయంత్రానికి గానీ పనికివస్తుంది. 500 గ్రాముల పిండికి 325 గ్రాముల నీరు లేదా పాలు, 30 గ్రాముల నూనె లేదా కరిగించిన వెన్న, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ తీసుకోవాలి. చక్కెర వేయనక్కరలేదు, ఈస్ట్‌కు కావలసిన చక్కెర పిండిలోనే తయారవుతుందని పైన చెప్పనే చెప్పారు. ఇక్కడ కాలం తక్కువ కాబట్టి చేతి శ్రమ తప్పదు: పది నిమిషాలపాటు అరచేతి మడమతో ముందుకు నెట్టి, మడిచి, తిప్పి మళ్లీ నెట్టాలి. చేతికి అంటుకుంటోందని పొడిపిండి చల్లుతూ పోతే నీటి నిష్పత్తి చెడి బన్నులు బరువుగా వస్తాయి, అందుకని చేతికి కాస్త నూనె రాసుకోవడమే మేలు. చిన్న ముక్క తీసుకుని వేళ్లతో నిదానంగా సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనిపించేటంత పలుచని పొరగా మారాలి. అప్పుడు మర్దించడం పూర్తయినట్టు.

పిండి రెట్టింపు కావడానికి గంట పడుతుంది. తరువాత 12 ఉండలు చేసి, ఒక్కొక్కటి 70 గ్రాములకు కాస్త పైగా ఉండేలా చూసుకుని, పళ్లెంలో కొద్ది ఎడంతో పేర్చి 35 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. 190 డిగ్రీల వేడిలో 15 నుంచి 18 నిమిషాల్లో అవి పైన బంగారు రంగు తేలతాయి. కొవ్వు గ్లూటెన్ పోగుల చుట్టూ పొరలా చేరడం వల్ల బన్ను మెత్తగా ఉంటుంది, మరునాటికి కూడా అంతగా ఎండిపోదు. పెద్ద బ్రెడ్‌లా గంటసేపు ఆరనివ్వనక్కరలేదు. పది పదిహేను నిమిషాల తరువాత గోరువెచ్చగానే వడ్డించవచ్చు. గుడ్డ కప్పి ఉంచితే ఆవిరి లోపలే నిలిచి పై పొర ఇంకా మెత్తబడుతుంది. గోధుమకంకి గారి బ్రెడ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అలా కప్పకూడదు, అంత కష్టపడి తెచ్చుకున్న కరకరలాడే గుణం పోతుంది.

సమాధానం: నిదానం

పిండి గురించి ఇద్దరూ బాగా చెప్పారు కాబట్టి నేను కాల్చడానికే పరిమితమవుతాను. వెన్నెలవంట గారి దగ్గర మూత ఉన్న బరువైన పాత్ర ఉండటం చాలా కలిసివచ్చే విషయం. బ్రెడ్ ఓవెన్‌లోకి వెళ్లిన మొదటి పది పదిహేను నిమిషాల్లోనే లోపలి వాయువు వ్యాకోచించి ముద్ద ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ సమయంలో ఉపరితలం తడిగా, సాగేలా ఉండాలి. పొడివేడికి పై పొర ముందే బిగుసుకుపోతే బ్రెడ్ పెరగలేక ఎక్కడో పక్కన పగులుతుంది. బేకరీ ఓవెన్లలో ఇందుకోసమే ఆవిరిని పంపిస్తారు. ఇంట్లో మూతపెట్టిన వేడి పాత్ర, పిండిలోంచి వచ్చే ఆవిరినే లోపల పట్టి ఉంచి ఆ పని చేస్తుంది. న్యూయార్క్ బేకరు జిమ్ లేహీ మర్దించకుండా, ఇలా పాత్రలో కాల్చే పద్ధతిని 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన తరువాత అది ఎన్నో ఇళ్లలోకి చేరింది. ఆయన వంటకంలో పిండి గది వేడిమిలోనే దాదాపు 18 గంటలు పులుస్తుంది, ఈస్ట్ పావు టీస్పూను మాత్రమే పడుతుంది. గది బాగా వేడిగా ఉండేవారికి అంత దీర్ఘకాలం బయట ఉంచడం కుదరదు. వారికి గోధుమకంకి గారు చెప్పిన ఫ్రిజ్ దారే సురక్షితం.

ఓవెన్‌ను, దానిలోపల ఖాళీ పాత్రను 230 డిగ్రీల దగ్గర కనీసం అరగంట వేడెక్కనివ్వండి, అంటే 6.40కే ఓవెన్ వెలిగించాలి. ముద్దను దళసరి బేకింగ్ కాగితం మీద ఉంచి, పదునైన బ్లేడుతో పైన అర సెంటీమీటరు లోతున ఒక గీత గీయండి. బ్రెడ్ ఎక్కడ విచ్చుకోవాలో ఆ గీతే నిర్ణయిస్తుంది. కాగితంతో సహా ఎత్తి పాత్రలోకి దించి మూతపెట్టండి. పొడవైన, మందపాటి చేతితొడుగులు లేకుండా ఈ పనికి పూనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి, పాత్ర అంచు రెండూ తీవ్రంగా కాలుస్తాయి. 430 గ్రాముల ముద్దకు 18 నిమిషాలు మూతతోనూ, 10 నుంచి 12 నిమిషాలు మూత లేకుండానూ పడుతుంది. రెండు ముద్దలూ ఒకే పాత్రలో పట్టకపోతే వాటిని ఒకటి తరువాత ఒకటి కాల్చవలసి వస్తుంది, మీ సమయానికి అది కుదరదు. అందువల్ల రెండో ముద్దను ఫ్రిజ్‌లోనే వదిలి మరునాడు కాల్చుకోవచ్చు, లేదా రెండింటినీ పళ్లెం మీద పెట్టి, వాటి మీద లోతైన మరో లోహపు పాత్రను బోర్లించి కాల్చవచ్చు. ఓవెన్ అడుగున నీళ్లు పోసే పద్ధతిని నేను సిఫారసు చేయను, వేడెక్కిన అద్దం తలుపు మీద నీటి చుక్కలు పడితే అది పగిలే ప్రమాదం ఉంది.

మూత తీశాక పై పొర లేత పసుపు రంగులో ఉంటుంది. చాలామంది అది గోధుమరంగు తిరగగానే కంగారుపడి బయటికి తీసేస్తారు. మంచి రంగు వచ్చేవరకు ఆగండి. ప్రొటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి జరిగే మెయిలార్డ్ చర్య వల్లనే పై పొరకు రుచి, సువాసన వస్తాయి, లేతగా తీసిన పొర చల్లారగానే తోలులా సాగుతుంది. లోపల కాలిందో లేదో తెలుసుకోవడానికి వంట థర్మామీటరు ఉంటే బ్రెడ్ నడిమధ్యకు గుచ్చి చూడండి, 95 నుంచి 98 డిగ్రీలు చూపాలి. లేకపోతే అడుగున వేలితో తట్టి చూడండి. బోలుగా మోగితే కాలినట్టే.

తీసిన వెంటనే గాలి ఆడేలా జాలీ మీద పెట్టాలి. బయటికి వచ్చాక కూడా లోపలి పిండిపదార్థం కుదురుకుంటూ ఉంటుంది, మిగిలిన తేమ నెమ్మదిగా బయటికి సర్దుకుంటుంది. ఆ దశలో కోస్తే కత్తికి బంకగా అంటుకుని, బాగా కాలిన బ్రెడ్ కూడా పచ్చిగా ఉన్నట్టు అనిపిస్తుంది.

వెన్నెలవంట

మీ ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. వారంలో పని ఉన్న రోజులకు ఫ్రిజ్ పద్ధతిని, సెలవు రోజులకు బన్నులను అనుసరిస్తాను. మరో మూడు సందేహాలు మిగిలాయి. సగం మైదాకు బదులు పొట్టు తీయని గోధుమపిండి వాడవచ్చా? కూరలోనే ఉప్పు, కారం ఘాటుగా ఉన్నప్పుడు బ్రెడ్‌లో ఉప్పు తగ్గించవచ్చా? మిగిలిన బ్రెడ్‌ను ఎలా దాచుకోవాలి?

సమాధానం: గోధుమకంకి

గోధుమపిండిని సగం వరకు వాడవచ్చు గానీ, మొదట నాలుగో వంతుతో, అంటే 125 గ్రాములతో మొదలుపెట్టండి. పొట్టు నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది, దాని పదునైన అంచులు గ్లూటెన్ వలను తెంపుతాయి. అందుకే ఆ మేరకు బ్రెడ్ తక్కువ పొంగుతుంది, లోపలి భాగం దట్టంగా ఉంటుంది. నాలుగో వంతుకు 20 నుంచి 25 గ్రాముల నీరు అదనంగా పోసి, ఉప్పు, ఈస్ట్ కలపడానికి ముందు నానే సమయాన్ని అరగంట నుంచి గంటకు పెంచితే పొట్టు మెత్తబడి ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. పొట్టు ఉన్న పిండి త్వరగా పులుస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టే ముందు బయట ఉంచే సమయాన్ని కాస్త తగ్గించండి. చిక్కుళ్లో, పప్పుధాన్యాలో వేసి ఉడికించిన సూపులకు ఈ బ్రెడ్ తెల్లని బ్రెడ్ కన్నా ఎంతో బాగా జతపడుతుందని నా నమ్మకం.

ఉప్పును 10 గ్రాముల నుంచి 8 గ్రాములకు తగ్గించడం వల్ల ఇబ్బందేమీ ఉండదు. అంతకన్నా తగ్గిస్తే రుచి ఒక్కటే కాదు, పిండి స్వభావం కూడా మారుతుంది. ఉప్పు గ్లూటెన్‌ను బిగువుగా ఉంచుతుంది, ఈస్ట్ వేగాన్ని అదుపు చేస్తుంది. అది బాగా తగ్గితే ముద్ద జావగారినట్టు సడలిపోయి, అనుకున్న వేళకన్నా ముందే పొంగిపోతుంది.

సమాధానం: కుంపటి

దాచుకోవడం గురించి నేను చెబుతాను. మిగిలిన బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బ్రెడ్ గట్టిపడేది కేవలం తేమ ఆరిపోవడం వల్ల కాదు. కాలినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ స్ఫటికంలా బిగుసుకోవడం ప్రధాన కారణం, ఆ మార్పు ఫ్రిజ్ చల్లదనంలో అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. మరునాటికి కావలసినదాన్ని కోసిన వైపు కిందికి ఉండేలా చెక్కపలక మీద బోర్లించి, గుడ్డ కప్పి బయటే ఉంచండి. గాలి తేమగా ఉండే రోజుల్లో బూజు పట్టే అవకాశం ఉంటుంది కాబట్టి రెండో రోజు దాటనివ్వకండి. అంతకన్నా ఎక్కువ కాలానికైతే, పూర్తిగా చల్లారిన బ్రెడ్‌ను ముక్కలుగా కోసి, గాలి చొరని సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి.

బిగుసుకున్న పిండిపదార్థం 60 డిగ్రీలు దాటిన వేడికి మళ్లీ సడలుతుంది. అందుకే నిన్నటి బ్రెడ్ పైన కొద్దిగా నీళ్లు చిలకరించి 180 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది, పది నిమిషాలు ఉంచితే పై పొర కరకరలాడుతూ, లోపల మెత్తగా తయారవుతుంది. ఆ మెత్తదనం ఎక్కువసేపు నిలవదు, చల్లారితే మునుపటికన్నా గట్టిపడుతుంది, కాబట్టి అందరూ కూర్చున్నాకే వేడిచేయండి, ఆ పూటకు సరిపడేంతే వేడిచేయండి. ఫ్రీజర్ ముక్కలకైతే ముందుగా బయట పెట్టి కరగనివ్వవలసిన పని కూడా లేదు, నేరుగా ఓవెన్‌లో పెట్టి రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంచితే చాలు.